ముందు చీర, తర్వాతే ముఖం

ధర్మవరంలో పెళ్ళి ఆల్బం చూడ్డానికి ఒక పద్ధతి ఉంది. చుట్టపుచూపుగా ఎప్పుడైనా వస్తే మీరే గమనిస్తారు. ఆల్బం ఒళ్ళో పెట్టుకున్న పెద్దామె పెళ్ళికూతురి ముఖం చూడదు, అంచు చూస్తుంది. అంచు మీంచి కొంగుకు పోతుంది, కొంగు మీంచి బుటాలకు వస్తుంది. "ఇది చేమగ్గం కాదులేమ్మా, మరమగ్గంది" అని తీర్పు చెప్పేస్తుంది. "యా అంగట్లో తీసుకుంటిరి? ఎంత పడె?" అని వాకబు చేస్తుంది. అదంతా అయ్యాక తీరుబడిగా కళ్ళజోడు సవరించుకుని, "ఇంతకీ ఈ పిల్ల ఎవరి కూతురు?" అంటుంది.

నవ్వండి, పర్వాలేదు. బయటి ఊళ్ళ వాళ్ళందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఐరోపా వాళ్ళ పాత కుటుంబ చిత్రాలు చూసినప్పుడల్లా, వీటిని చదవాలంటే మా ఊరి పెద్దామె పద్ధతే సరైంది అనిపిస్తుంది. ముఖాన్ని చిత్రకారుడు డబ్బిచ్చినవాడి మనసెరిగి గీస్తాడు. ముక్కు కాస్త చిన్నది చేస్తాడు, మచ్చలు తీసేస్తాడు. బట్ట దగ్గరికొచ్చేసరికి ఆ మొహమాటం ఉండదు. ఎవరు ఏం కట్టుకున్నారు, ఎవరు మధ్యలో ఉన్నారు, ఎవరు ఓరగా నిలబడ్డారు, ఈ మూడూ పట్టుకుంటే ఆ ఇంటి సంగతి సగం తెలిసిపోతుంది. ఇవాళ కబుర్లు దీని మీదే. ఉగ్గానీ బజ్జీ పక్కన పెట్టుకుని కూర్చుంటే ఇంకా బాగుంటుంది.

ముందుగా అందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉండే బొమ్మ సంగతి. 1434లో యాన్ వాన్ ఐక్ గీసిన ఆర్నోల్ఫీని దంపతుల చిత్రం. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. టోపీ పెట్టుకున్న మొగుడు, ఆకుపచ్చ గౌను వేసుకున్న పెళ్ళాం, కాళ్ళ దగ్గర కుక్కపిల్ల, వెనక గోడకు గుండ్రటి అద్దం. ఈ బొమ్మ చూసిన ప్రతివాడూ ఆమె పొట్ట చూసి "ఎన్నో నెల?" అని అడుగుతాడు. ఆమెకు నెలలూ లేవు, ఏమీ లేవు. ఆ కాలం ఫ్యాషన్ ప్రకారం గౌనుకు గజాల కొద్దీ బట్ట, లోపల బొచ్చు అస్తరు. అంత బరువున్న గుడ్డ నేల మీద ఈడ్చుకుపోకుండా, మన ఆడవాళ్ళు గుడి మెట్లెక్కేటప్పుడు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నట్టు, ముందు భాగాన్ని పోగుచేసి పొట్ట దగ్గర పట్టుకుంది. అంతే. ఇది తేల్చడానికి పండితులు చాలా కాగితం ఖర్చుపెట్టారు. మా పెద్దామెను ఒక్కసారి లండన్ తీసుకుపోయి ఉంటే, "కడుపు కాదప్పా, అది గుడ్డ" అని వాకిట్లోనే చెప్పేసేది.

సరే, లండన్ దూరం. మనకు దగ్గర్లో ఇలాంటి కుటుంబ చిత్రం లేదా అంటే, నిక్షేపంలా ఉంది. ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురంలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి. వీరభద్రస్వామి గుడి. మీరు వెళ్ళే ఉంటారు. వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి అటూ ఇటూ లాగే ఉంటారు. ఏకశిలా నంది ముందు ఫొటో దిగే ఉంటారు. పైకప్పు ఎంతసేపు చూశారు? అదీ నా ప్రశ్న. మెడ నొప్పి పుడుతుందని రెండు నిమిషాలు చూసి దించేసుకుంటాం. మన కుటుంబ చిత్రం అక్కడే ఉంది.

ఈ గుడి కట్టించినవాళ్ళు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. అచ్యుతదేవరాయలు విజయనగరం ఏలుతున్న రోజులు, అంటే 1529 నుంచి 1542 దాకా. విరూపణ్ణ పెనుకొండలో రాయలవారి కోశాధికారి. 1530ల నాటి శాసనాలు గుళ్ళోనే ఉన్నాయి. తండ్రి నంది లక్కిశెట్టి, తల్లి ముద్దమాంబ.

ఆయన కథలో జనానికి బాగా గుర్తున్నది కళ్ళ సంగతి. ఖజానా డబ్బు అడక్కుండా గుడికి పెట్టేశాడని ఎవరో చాడీలు చెప్పారట, రాజు కళ్ళు తీయించమన్నాడట, ఆ మాట విని ఈయనే కళ్ళు పీకి గోడకేసి కొట్టాడట. కల్యాణ మండపం దగ్గర గోడ మీద ఎర్రటి మరకలు రెండు చూపించి గైడ్లు ఈ కథ చెబుతారు. చరిత్రగా కాదు, కథగా వినాలి. గమ్మత్తేమిటంటే, కళ్ళు పోయాయని చెప్పే గోడ దగ్గర ఎప్పుడూ గుంపు ఉంటుంది. అదే విరూపణ్ణ చేరడేసి కళ్ళతో నిండుగా కనిపించే పైకప్పు కింద ఆగేవాళ్ళు అరుదు.

ఆగి చూద్దాం రండి. అన్నదమ్ములిద్దరూ పరివారంతో వచ్చి, ఇలవేల్పు విభూతి అందుకుంటున్న ఘట్టం. నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం నెత్తిన ఉండే కుళ్ళాయి గుర్తుందా, అదే తరహా. రాయలవారి కొలువులో పెద్ద ఉద్యోగి అని చెప్పడానికి ఆ కుళ్ళాయి చాలు, పక్కన బిరుదులు రాయనక్కర్లేదు. ఒంటి మీద నగలు, ఖరీదైన బట్టలు. ఇంత హంగూ చేసుకుని నిలబడింది మాత్రం దేవుడి ముందు. మనకు కాదు, ఆయనకు ఎదురుగా. అందుకే ముఖాలన్నీ పక్కవాటుగా ఉంటాయి. పక్కకు తిరిగిన ముఖంలో కూడా కన్ను మాత్రం పూర్తిగా, బాదంకాయంత వేస్తాడు చిత్రకారుడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ ముఖాలన్నీ దాదాపు ఒక్కటే ముఖం. అదే కొనదేరిన ముక్కు, అదే గడ్డం. ముఖం చూసి ఎవరు ఎవరో చెప్పాలంటే కుదరదు. బట్టల్లో మాత్రం ఒకదానికొకటి పోలిక ఉండదు. ముఖ్యంగా ఆ పైకప్పులో ఆడవాళ్ళున్న చోటికి, పార్వతీ కల్యాణం, ద్రౌపది పెళ్ళి లాంటి ఘట్టాల దగ్గరికి పోండి. ఒకామెకు నిలువు చారలు, ఇంకొకామెకు గళ్ళు, మరొకామెకు ఒళ్ళంతా పువ్వులు. అంచు వేరు, కొంగు వేరు. పక్కకు వాల్చి ముడిచిన కొప్పులు. ముఖాలకు ఒకే అచ్చు వాడిన చిత్రకారుడు చీరల దగ్గర మాత్రం ఒక్కదాన్నీ రెండోసారి వేయకూడదని ఒట్టు పెట్టుకున్నాడా అనిపిస్తుంది.

ఇంకో సంగతి. సున్నపు గచ్చు మీద ముందు గీత గీసి, ఆ గీతల మధ్య రంగు నింపారు. ఎరుపు, కావి, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. వెలుగునీడలు వేయలేదు. ఇటలీలో అదే కాలం చిత్రకారుడైతే బట్ట ముడతలో నీడ వేస్తాడు, ఆ నీడలో డిజైను సగం మునిగిపోతుంది. లేపాక్షిలో బట్ట చదునుగా పరిచినట్టే ఉంటుంది. చార చారగానే, పువ్వు పువ్వుగానే. మా ఊళ్ళో డిజైన్లు గీసేవాళ్ళు గ్రాఫు కాగితం మీదికి ఉన్నదున్నట్టు ఎక్కించుకోవచ్చు. ఎక్కించుకున్నారు కూడా. పైకప్పు బొమ్మల నుంచీ, లతా మండపం స్తంభాల మీది తీగల నుంచీ తీసిన అంచులు ధర్మవరం పట్టుచీరల మీద తిరుగుతున్నాయి. అయిదు వందల ఏళ్ళ కిందటి ఇంటి ఫొటోలో ఆడవాళ్ళు కట్టుకున్న చీర డిజైను ఇవాళ బీరువాలో ఉండటం ఎన్ని ఊళ్ళకు చెల్లుతుంది చెప్పండి?

ఇప్పుడు ఇదే సమయంలో ఐరోపాలో ఏం జరుగుతోందో చూద్దాం. లేపాక్షి పనికి కొద్ది ఏళ్ళ ముందు, 1526లో, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యాకొబ్ మేయర్ అనే మాజీ నగరాధ్యక్షుడు హాన్స్ హోల్బైన్ చేత ఒక చిత్రం వేయించుకున్నాడు. మధ్యలో బిడ్డను ఎత్తుకున్న మేరీమాత. ఒక పక్క మేయరూ, మగపిల్లలూ. ఇంకో పక్క ఆడవాళ్ళు ముగ్గురు, మోకాళ్ళ మీద. విరూపణ్ణ కుటుంబం వీరభద్రుడి దగ్గర నిలబడితే, మేయర్ కుటుంబం మేరీమాత దగ్గర మోకరిల్లింది. భక్తి ఒక్కటే. "మమ్మల్నీ ఈ పటంలో వేయండి" అనే కోరికా ఒక్కటే.

ఆ ముగ్గురు ఆడవాళ్ళలో ఒకామె మేయర్ మొదటి భార్య. ఆమె 1511లోనే చనిపోయింది. పక్కనే ఉన్నది రెండో భార్య. చనిపోయిన ఆమెనూ బతికున్న ఆమెనూ ఒకే వరసలో కూర్చోబెట్టాడు హోల్బైన్. మనకిది వింత కాదు. మన ఇళ్ళలో కూడా పోయినవాళ్ళ ఫొటోను స్టూడియోవాడికిచ్చి, బతికున్నవాళ్ళ పక్కన అతికించి, దండ వేసి గోడకు తగిలించడం మామూలే. ఇంకా చిత్రమైన సంగతి మూడో ఆమెది. మేయర్ కూతురు ఆనా. మొదట జుట్టు విరబోసుకుని ఉన్నట్టు వేశాడు. ఒకటి రెండేళ్ళ తర్వాత అదే బొమ్మకు మళ్ళీ కుంచె పట్టి, జుట్టు కట్టేసి, పెళ్ళీడు పిల్ల పెట్టుకునే తలపాగా వేశాడు. ముఖం అదే, పిల్ల అదే, మధ్యలో సంబంధం కుదిరింది. పటంలో మార్చాల్సింది బట్టే గానీ ముఖం కాదని ఆ ఇంటివాళ్ళకూ తెలుసు, హోల్బైన్‌కూ తెలుసు.

లేపాక్షి పని ముగిసిన కొద్దికాలానికి, 1545లో, ఫ్లారెన్స్‌లో బ్రాంజీనో అనే చిత్రకారుడు ఎలియనోరా అనే ఆమెను కొడుకుతో సహా గీశాడు. ఆమె ఫ్లారెన్స్ ప్రభువు కోసిమో మెడిచి భార్య. పక్కన చిన్నపిల్లవాడు జొవాన్ని. ఇది తల్లీకొడుకుల చిత్రమని అందరూ అంటారు. నన్నడిగితే అది చీర పటం. క్షమించండి, గౌను పటం. తెల్ల పట్టు నేత మీద నల్ల మఖమలు తీగలు, మధ్య మధ్య బంగారు జరీతో దానిమ్మకాయల డిజైను. పెద్ద దానిమ్మ సరిగ్గా రొమ్ముల కిందికి, నట్టనడుమకు వచ్చేట్టు కుట్టారు. జరీ పోగు ఉంగరాలు తిరిగి పైకి లేచిన చోటల్లా కుంచెతో పోగు పోగూ చూపించాడు బ్రాంజీనో. తల్లి ముఖం చలువరాయిలా నిశ్చలంగా ఉంటుంది, పిల్లవాడు బిక్కుబిక్కుమంటూ చూస్తుంటాడు. పలికేదంతా ఆ బట్టే. ఫ్లారెన్స్ పట్టు నేతకు పేరుపడ్డ ఊరు. ప్రభువుగారి భార్య ఒంటి మీద అలాంటి బట్ట ఉంటే ఊరి మగ్గాలకు అంతకన్నా ప్రచారం ఏం కావాలి? మా బజార్లో దుకాణాల ముందు పెళ్ళికూతురి బొమ్మలతో నిలబెట్టే బోర్డులు కూడా చేసేది ఈ పనే. ఆమెను ఆ గౌనుతోనే సమాధి చేశారని చాలాకాలం చెప్పుకున్నారు. సమాధిలో దొరికిన బట్టల్ని జాగ్రత్తగా పరిశీలించాక, అది వేరే గౌను అని తేలింది. పటంలో ఉన్న బట్ట ఇంకొకటి, ఆమె వెంట తీసుకుపోయింది ఇంకొకటి.

బట్ట సరే, చోటు సంగతికి వద్దాం. గ్రూప్ ఫొటో తీసేటప్పుడు మన ఇళ్ళలో జరిగే గొడవ మీకు తెలిసిందే. "మామా, నువ్వు ఇట్లా మధ్యలోకి రా", "అత్తా, కూచో, కూచో", "కొత్త అల్లుడు యాడ? పిలవండప్పా." ఈ గొడవ స్పెయిన్ రాజు ఇంట్లోనూ జరిగి ఉంటుంది. 1800లో గోయా నాలుగో కార్లోస్ కుటుంబాన్ని గీశాడు. అది మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంలో ఉంది. రాజు మధ్యలో ఉండాలి కదా? లేడు. మధ్యలో నిండుగా నిలబడింది రాణి మరియా లూయీసా. రాజు ఒక అడుగు పక్కన. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. అదే బొమ్మలో యువరాజు పక్కన ఒక అమ్మాయి ముఖం అటు తిప్పుకుని ఉంటుంది. అలిగి కాదు. యువరాజుకు కాబోయే పెళ్ళాం ఎవరో అప్పటికింకా ఖాయం కాలేదు. అందుకని గోయా పట్టుబట్టలు వేసి, నగలు పెట్టి, చోటు చూపించి, ముఖం మాత్రం తిప్పేశాడు. ముఖం తర్వాత వస్తుంది, చోటూ బట్టలూ ముందే సిద్ధం! మా పెద్దామె సిద్ధాంతానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది?

ఇలాంటివే ఇంకో రెండు, గబగబా. దెగా తన మేనత్త కుటుంబాన్ని గీశాడు. బెలెల్లి కుటుంబం అంటారు. మేనత్త నల్లబట్టల్లో ఉంది, తండ్రి పోయిన దుఃఖం. ఆ తండ్రి బొమ్మ వెనక గోడ మీద ఉంది. భర్త కుర్చీలో మనకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా బల్ల కాలు అడ్డం. వాళ్ళ కాపురం ఎలా ఉందో నేను చెప్పాలా? రెండోది, 1878లో రన్వార్ గీసిన షార్పాంత్యే కుటుంబం. తల్లి, పెద్ద కుక్క, ఒకేలాంటి గౌన్లలో ఇద్దరు ముద్దు కూతుళ్ళు. ఆ ఇద్దరిలో చిన్నది కూతురు కాదు, కొడుకు. పేరు పోల్. ఆ కాలంలో వాళ్ళ ఇళ్ళలో చిన్న మగపిల్లలకు గౌన్లే వేసేవారు. మీరు ఆశ్చర్యపోయే ముందు ఇంట్లో పాత పెట్టె తీసి చూడండి. పుట్టు వెంట్రుకలు తీయించే ముందు జడ వేసి, పూలు పెట్టి, లంగా కట్టి తీయించిన మగపిల్లవాడి ఫొటో ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది. ఇప్పుడు బట్టతల వచ్చిన పెద్దమనిషి దాన్ని ఎవరికీ చూపించొద్దని బతిమాలుతుంటాడు.

నవ్వుకున్నాం కదా, ఇప్పుడు గుండె కలుక్కుమనేది ఒకటి. ఇది మన హైదరాబాదుదే. నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా బేగంను పెళ్ళాడాడు. కోఠీలో మహిళా కళాశాల నడిచిన ఆ స్తంభాల భవనం కట్టించింది ఆయనే. వాళ్ళకు ఒక కొడుకు, ఒక కూతురు. చిన్నపిల్లలుగా ఉండగానే 1805లో ఇంగ్లండు పంపేయాలని నిశ్చయించారు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఆ ఇద్దరినీ గీశాడు. హైదరాబాదు కొలువు దుస్తుల్లో, నగలతో, అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన. ఇంగ్లండులో దిగాక వాళ్ళకు ఇంగ్లీషు పేర్లు పెట్టారు, ఇంగ్లీషు బట్టలు తొడిగారు. తండ్రి ఆ ఏడాదే పోయాడు. తల్లిని వాళ్ళు మళ్ళీ చూడలేదు. ఆ పటంలో తల్లీ లేదు, తండ్రీ లేడు. కానీ ఆ పిల్లల ఒంటి మీద బట్టలు చూస్తే ఏ ఇంటి బిడ్డలో తెలుస్తుంది. ఆ చిత్రంలో వాళ్ళమ్మ ఉన్నదంతా ఆ బట్టల్లోనే ఉంది.

తర్వాత కెమెరా వచ్చింది, బొమ్మ వేయించుకోవడం రాజులకూ కలిగినవాళ్ళకూ మాత్రమే అన్న రోజులు పోయాయి. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కూడా ఒక స్త్రీయే. అంతఃపురం దాటని ఆడవాళ్ళు తమకు నచ్చిన బట్టల్లో, తమకు నచ్చినట్టు నిలబడి ఫొటో దిగారు. అక్కణ్ణుంచి మన పట్నాల స్టూడియోల దాకా, పరదా మీద గీసిన మేడమెట్లూ, సరస్సూ, హంసా, ముందు ప్లాస్టిక్ పూలకుండీ, అదంతా మీకు తెలిసిన కథే.

ఇంత చెప్పాక మా పెద్దామె పద్ధతిలో ఒక లోటు ఉందని ఒప్పుకోవాలి. చీర చూస్తే ఇంటి అంతస్తు తెలుస్తుంది. చోటు చూస్తే ఇంట్లో పెత్తనం తెలుస్తుంది. ఆ మనిషి పేరు మాత్రం ఈ రెండింట్లో ఎక్కడా దొరకదు. లేపాక్షి పైకప్పులో అంతమంది ఆడవాళ్ళు, అన్ని చీరలు. అంచుల వివరం మనం అంగట్లో బేరం చేసేటంత బాగా చెప్పగలం, కట్టుకున్న మనిషిని పిలవడానికి పక్కన పేరు లేదు. తిరుమలకు పోండి. గుడి లోపలికి అడుగుపెట్టగానే కృష్ణదేవరాయలు, ఇరుపక్కలా ఇద్దరు దేవేరులు, చేతులు జోడించి రాగి విగ్రహాల్లో నిలబడి ఉంటారు. 1517 నాటివి. వాటి మీద పేర్లు చెక్కారు, అందుకే ఎవరు తిరుమలదేవో, ఎవరు చిన్నాదేవో ఇవాళ్టికీ చెప్పగలుగుతున్నాం. విరూపణ్ణ తల్లి ముద్దమాంబ పేరు మనకు మిగిలింది కూడా రాత వల్లే. ఆ మాటకొస్తే మా ఊరికి పేరు వచ్చింది ధర్మాంబ అనే తల్లి వల్లేనని పెద్దలు చెబుతారు. ఊరు కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి పేరు పెట్టుకున్నాడట. ఆమె ముఖం ఏ పటంలోనూ లేదు, ఏ చీర కట్టుకునేదో ఎవరికీ తెలియదు, అయినా రోజూ రైలు స్టేషన్లో మైకు ఆమె పేరు పిలుస్తూనే ఉంటుంది.

కాబట్టి ఒక్క పని చేయండి. ఈ ఆదివారం ఇంట్లో పాత ఫొటోలు దించండి. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరి పేరూ అడిగి, పెన్సిలుతో మెల్లిగా వెనక రాయండి. "చిన్నత్త", "బళ్ళారి అవ్వ" అని కాదు, అసలు పేర్లు. పెన్ను వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. రాసేటప్పుడు అవ్వ "ఆ చీర మా అమ్మ పెట్టింది, అప్పట్లో దాని ధర..." అని మొదలుపెడుతుంది. పెట్టనివ్వండి. అది కూడా రాసుకోండి, కాకపోతే పేరు కింద.